పసుపు వైర్ల బండి

"కళ్ళు మూసుకో తమ్ముడూ. చూస్తూ ఉంటే వేళ్ళు బద్ధకిస్తాయి. ఆఁ... ఇప్పుడు చెప్పు, ఎన్ని ముడులు తగిలాయి?"

"మూడు."

"తరవాత?"

"తరవాత నున్నగా ఉంది, ఓ వేలెడు. మళ్ళీ రెండు. రెండే అనుకుంటా."

"అనుకుంటే కుదరదు. కూరగాయల బేరం కాదిది. ఇంకోసారి తడిమి చెప్పు."

"రెండే అక్కా."

"అయితే రాసుకో. మూడు, రెండు. ఇంజిన్‌లో నీళ్ళు ఎంత వేడెక్కాయో చెప్పే వైరు. ఇంజిన్ తల వెనకనుంచి వస్తుంది. గట్టిగా లాగకు, అక్కడ రబ్బరు ఎండిపోయి ఉంటుంది."

రాసుకున్నాను. అది యాభై ఆరో వైరు. ఇంకా ముప్పై ఎనిమిది మిగిలి ఉన్నాయి.

కౌలాలంపూర్‌కి ఉత్తరాన ఉన్న మా మెంగ్లెంబులో, పెద్దరోడ్డు నుంచి రెండో సందులో, లియోంగ్ మూయ్ యిన్ అక్క ఇంటి ముందు రేకుల పంచ కింద తొంభై ఒకటో సంవత్సరపు సెలికా కారు బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంది. అక్క ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉంది. అరవై నాలుగేళ్ళ మనిషి, పొట్టిగా, జుట్టు చెవులదాకా కత్తిరించుకుని ఉంటుంది. ఆ కత్తిరింపు ఆమె భర్త యూ చోంగ్ చేతిది. పంచకి అవతలి సగంలో ఆయనకి ఒకే కుర్చీ ఉన్న కటింగ్ షాపు ఉంది. నేను బానెట్ లోకి వంగి పసుపు వైర్లు తడుముతూ చెప్తుంటే ఆమె అది ఏ వైరో చెప్పేది. నేను నోటుబుక్కులో ఎక్కించేవాణ్ణి. అలా నాలుగు రోజులు గడిచాయి.

ఈ పనికి నేను రాలేదు. రోడ్డు రవాణా ఆఫీసు ఎదురుగా రేకు నీడలో బల్ల వేసుకుని బళ్ళ కాయితాలు నింపేవాణ్ణి నేను. పాతికేళ్ళ కిందట ఈ సెలికాకి ఇంజిన్ మార్చినట్టు రిజిస్ట్రేషన్ కార్డులో ఎక్కించే కాయితాలూ నేనే నింపాను. కొత్త ఇంజిన్ నంబరు మీద కాయితం పరిచి పెన్సిలు రుద్ది అచ్చు తీసుకుంటుంటే అక్క పక్కనే నిలబడి, "అంకెలు సరిగ్గా పడనీ, నా పేరు పడకపోయినా పరవాలేదు" అంది. ఇప్పుడు పేరు మార్పు కాయితాలకని పిలిపించింది. పేరు మారేదాకా రాకుండానే మధ్యలో ఈ వైర్ల దగ్గర ఆగిపోయాం.

ఎందుకు ఆగామో చెప్పాలి.

వెనకటి శనివారం సితియావాన్ నుంచి జుల్‌హిల్మి అనే కుర్రాడు బండి చూడ్డానికి వచ్చాడు. కుర్రాడంటే ముప్పై అయిదేళ్ళుంటాయి. చేపల రేవు దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో మోటార్లు బాగుచేస్తాడు. బండి చుట్టూ ఒక్కసారి తిరిగాడు. లహాట్ రోడ్డు మీద ఓ పావుగంట నడిపి వచ్చాడు. ధర గురించి పెదవి విప్పలేదు. బండి దిగి, స్టీరింగు కింద అట్ట ఊడదీసి తల లోపలికి పెట్టాడు. నవ్వు వినిపించింది. తరవాత ఆగిపోయింది.

"ఆంటీ, ఇదేంటి, గిన్నెడు పసుపు నూడుల్స్ ఉన్నట్టున్నాయి! అన్నీ ఒకే రంగా?"

"అన్నీ ఒకే రంగు."

"ఏ వైరు ఎక్కడిదో ఎలా తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"మీకు తెలుస్తుంది. సితియావాన్‌లో నాకు ఎవరు చెప్తారు?"

అతను నేలమీదే గొంతుకూర్చుని చేతులు తుడుచుకుంటూ చాలా మర్యాదగా చెప్పాడు. "ఆంటీ, దాచిపెట్టి మాట్లాడటం నాకు రాదు. బండి నాకు నచ్చింది. కానీ మాది సముద్రం గాలి. ఏదో ఒకరోజు ఓ వైరు తుప్పు పడుతుంది. అప్పుడు తొంభై పసుపు వైర్లలో నేను ఏది వెతుక్కోను? ఏ వైరు ఏమిటో రాసి ఇవ్వండి, బండి మొత్తం తీసుకుంటాను. లేదంటే ఇంజిన్ ఒక్కటే ఇవ్వండి. నా దగ్గర ఇలాంటిదే ఓ పాతది ఉంది, దానికి బిగించుకుంటా. మిగతా బండిని మీరు ఎవరికైనా అమ్ముకోవచ్చు."

మిగతా బండిని కొనేవాడు ఉన్నాడు కూడా. కౌలాలంపూర్ నుంచి ఒకతను రెండు వారాలుగా ఫోన్ చేస్తున్నాడు. బాడీ విడిగా, ఇంజిన్ విడిగా, చక్రాలు విడిగా అయితే మొత్తానికంటే ఎక్కువే వస్తుందని లెక్క చెప్పాడట. అక్క అతని నంబరుని ఫోన్‌లో ఏ పేరుతో పెట్టుకుందో తెలుసా? 'కసాయి'.

"వచ్చే శనివారానికి రాసి ఉంచుతాను," అంది అక్క జుల్‌హిల్మితో.

అవతల కుర్చీలో ఎవరికో మెడ గీస్తున్న యూ చోంగ్ తల తిప్పకుండానే అడిగాడు. "ఎవరు రాస్తారు? నువ్వా? పోయిన చైనా కొత్త సంవత్సరానికి డబ్బు పెట్టి ఇచ్చే ఎర్ర కవర్ల మీద పేర్లు నాతో రాయించావు!"

"నువ్వు నీ గడ్డాల సంగతి చూసుకోవయ్యా," అని అక్క నావైపు తిరిగింది. నా చేతిలో అప్పటికే పెన్ను ఉంది.

*

బండి అమ్మేదెందుకో కూడా చెప్పాలి. డబ్బు కోసం కాదు. అక్కకి చక్కెర జబ్బు పదిహేనేళ్ళుగా ఉంది. మొదట కాఫీలో పంచదార పోయింది. తరవాత అన్నం సగమైంది. రెండేళ్ళుగా వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. సైలెన్సర్ గొట్టం మీద వేలు ఆనించి, చర్మం కాలిన వాసన వచ్చేదాకా తెలుసుకోలేదు. ఆ తరవాత పాదాలు. జనవరిలో ఓ పొద్దున ఇంటిముందు బండి ఆపబోతుంటే పాదం ఏ పెడలు మీద ఉందో ఆమెకి తెలియలేదు. సెలికా ముందుకి ఉరికి, కటింగ్ షాపులో వంతు కోసం జనం కూర్చునే బల్లని గోడదాకా నెట్టుకుపోయింది. అదృష్టం బాగుండి ఆ పూట బేరం లేదు, బల్ల మీద ఎవరూ లేరు. అక్క ఇంజిన్ ఆపి, దిగి, విరిగిన బల్లవంక కాసేపు చూసి, తాళంచెవి తీసుకెళ్ళి భర్త చేతిలో పెట్టింది. ఆయనకి డ్రైవింగ్ రాదు. అందుకనే ఆయన చేతిలో పెట్టింది.

"బల్ల పోతే పోయింది. కొత్తది చేయిద్దాం," అన్నాడట ఆయన.

"బల్ల సంగతి కాదు," అందిట ఈమె.

అంతే. నెల తిరగకుండా అమ్మకం బోర్డు పెట్టింది.

*

ఇక ఆ పసుపు వైర్ల కథ. అది అక్క కథే.

ఆరో తరగతితో చదువు ఆపి టైలర్ షాపులో కాజాలు కుట్టడానికి వెళ్ళింది. రోజుకి రెండు వందల కాజాలు. ఇరవై నాలుగేళ్ళప్పుడు లహాట్ రోడ్డు మీద సగం బళ్ళ యార్డులో చిరిగిన సీట్లు కుట్టే పని దొరికింది. జపాన్‌లో వాడి వదిలేసిన బళ్ళని ముందు తలుపుల దగ్గర అడ్డంగా కోసి, ఇంజిన్ ఉన్న సగాన్ని ఓడల్లో పంపేవారు. యార్డు నిండా అవే. వెనక భాగం లేని బళ్ళు, వరస తరవాత వరస. మా ఊళ్ళో ఎవరి బండి ఇంజిన్ పాడైనా అక్కడికి పోయి, ఏ సగమో చూసి, దాని ఇంజిన్ తెచ్చి బిగించుకునేవారు.

"ఇంజిన్ దింపడం, ఎక్కించడం మగాళ్ళు ఒక్క పూటలో చేసేవాళ్ళు," అంది అక్క అరవయ్యో వైరు దగ్గర. "వైర్ల దగ్గర వారం రోజులు కూర్చునేవాళ్ళు. కరెంటు ఉంటే వెలిగే బల్బు పుల్ల పట్టుకుని ఒక్కో వైరూ పొడుచుకుంటూ పోయేవాళ్ళు. నేను సీట్లు కుట్టుకుంటూ చూసేదాన్ని. నాకు నవ్వొచ్చేది. చొక్కా కుట్టేటప్పుడు ఏ దారం ఎటు పోతుందో ముందే తెలియాలి కదా? గుచ్చి చూస్తామా?"

"మీరు చెప్పారా వాళ్ళకి?"

"చెప్పాను. ఆ పెద్ద మెకానిక్ ఏమన్నాడో తెలుసా? 'వెళ్ళి గుండీలు కుట్టుకో' అన్నాడు. సరే అన్నాను. నాలుగు నెలలు రోజూ చూశాను. ఓ రోజు అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు ఓ బండి వైర్లు నేను కలిపేశాను. వాళ్ళొచ్చి తాళం తిప్పితే స్టార్టయింది. పెద్ద మెకానిక్ చేతిలో అన్నం డబ్బా ఇంకా అలానే ఉంది."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు. అన్నం తిన్నాడు. మర్నాడు నాకు సీట్లు రాలేదు, వైర్లు వచ్చాయి."

ఈ సెలికా యార్డుకి తొంభై ఎనిమిదిలో వచ్చింది. మా రింగిట్ డబ్బు విలువ పడిపోయిన ఏడు. ఎవరో కాంట్రాక్టరు ఇంజిన్ కాలిపోయిన బండిని వదిలించుకుంటే అక్క కొనుక్కుంది. టర్బో ఉన్న సగం బండి ఒకటి యార్డులో ఉంటే ఆ ఇంజిన్ ఇందులోకి దింపారు. దింపింది ఆ పెద్ద మెకానికే, కూలి అడగలేదట. వైర్ల పని అక్కది. అయితే ఆ ఏడు జపాన్ నుంచి వచ్చే రంగు వైర్ల ధర ఆకాశానికి పోయింది. యార్డు మూలలో ఒకే ఒక్క డ్రమ్ము ఉంది, మొత్తం పసుపు. ఇంకెవరైనా అయితే ఆగేవారు. లేదా చీటీలు అంటించేవారు.

"చీటీలు ఇంజిన్ వేడికి రాలిపోతాయి," అంది. "ముడులు రాలవు. కాజాల దారం తీసుకుని కొవ్వొత్తి మైనం రాసి, ప్రతి వైరుకీ రెండు చివర్లా ముడులు చుట్టాను. మొదటి గుంపు ఏ పనో చెప్తుంది. ఒకటైతే లైట్లు, రెండైతే పెట్రోలు, మూడైతే వేడీ గాలీ, నాలుగైతే నిప్పురవ్వ, అలా పది దాకా. ఓ వేలెడు ఖాళీ. రెండో గుంపు ఆ పనిలో ఎన్నోదో చెప్తుంది. చీకట్లో కూడా తడిమి చెప్పేదాన్ని. పదకొండు నెలల ఆదివారాలు పట్టింది."

"కాయితం మీద కూడా రాసి ఉంచాల్సింది కదక్కా."

ఆమె తన వేళ్ళు చూసుకుంది. చెయ్యి తిప్పి మళ్ళీ చూసుకుంది. "ఇవి నాకంటే ముందు పోతాయని ఎవరనుకున్నారు?"

నేను తరవాతి వైరు పట్టుకున్నాను.

వైరు వైరుకీ ఏదో ఒక కథ ఉండేది. ఒకటి, రెండు: ఎడమ దీపాన్ని పైకి లేపే మోటారు. సెలికా దీపాలు బానెట్లోనుంచి కళ్ళు తెరిచినట్టు లేస్తాయి కదా, ఎడమది ఎప్పుడూ అరక్షణం ఆలస్యంగా లేచేది. అది చూడ్డానికి సందులో పిల్లలు సాయంత్రం వరస కట్టేవాళ్ళట. బాగుచేయడం రెండు నిమిషాల పని. అక్క చేయలేదు. రెండు, ఒకటి: పెట్రోలు పంపు. తాపా కొండ దారిలో కుండపోత వానలో ఆ వైరు తెగింది. అక్క డిక్కీ తెరిచి వంగి ఉంటే, యూ చోంగ్ తన కటింగ్ గుడ్డ పైకెత్తి పట్టుకుని ముప్పావుగంట నిలబడ్డాడు. "గుడ్డ నిండా వెంట్రుకలు," అంది అక్క, "అన్నీ నా మెడమీదే రాలాయి. వాన కంటే అదే కష్టం."

"వాటితోనే కదా నీ వైరుకి ముడేశావు!" అని అవతలి నుంచి జవాబు.

"అబద్ధం. దారంతో వేశాను."

"తమ్ముడూ, రాసుకో! రెండు, ఒకటి: చోంగ్ కస్టమర్ల జుట్టు!"

ఒకసారి నేను అడిగాను, కౌలాలంపూర్ మనిషికి ముక్కలుగా ఇస్తే ఏమవుతుందని. శ్రమ తగ్గేది, డబ్బు పెరిగేది. అక్క కోపగించుకోలేదు. "ముప్పై ఏళ్ళు సగం బళ్ళ మధ్యే బతికాను తమ్ముడూ. ఒక్కదాన్నయినా నిండుగా పంపనీ," అంది.

*

శుక్రవారం మధ్యాహ్నానికి తొంభై మూడు అయ్యాయి. ఆఖరిది స్టీరింగు కింది నుంచి బయల్దేరి, చాపల కింద పాకి, ఎడమ సీటు ముందు కాళ్ళు పెట్టుకునే చోట తేలింది. దానికి ఒకే ఒక్క ముడి ఉంది. రెండో గుంపు లేదు.

"ఒకటే అక్కా. తరవాత ఏమీ లేదు."

"అది వదిలెయ్."

"ఏ వైరు అది?"

"దేనికీ కాదు. రాయక్కర్లేదు. తొంభై మూడు చాలు."

"అతను లెక్కపెడతాడు కదక్కా. ఒకటి మిగిలితే మిగతా వాటిమీద కూడా అనుమానం వస్తుంది."

"వస్తే రానీ."

అంతలో యూ చోంగ్ వచ్చేశాడు. కుర్చీలో ఓ కస్టమరు సగం చెంప గీయించుకుని, మిగతా సగం నురగతో ఉన్నాడు. ఆయన చేతిలో కత్తి అలాగే ఉంది. "అది నాకు తెలుసు! అది నా లైటు."

"వెళ్ళవయ్యా, అక్కడ మనిషి ఎదురుచూస్తున్నాడు."

"నా లైటు తమ్ముడూ. ఈవిడ పక్కన కూర్చోవడమంటే ఏమిటనుకున్నావు? ఎదురుగా లారీ వస్తుంటే కూడా ముందు దాన్ని దాటేస్తుంది. నేను 'మెల్లగా, మెల్లగా' అని అరిచేవాణ్ణి. నా అరుపులకి చెయ్యి వణుకుతుంది అనేది. అలా ఓసారి మాటామాటా పెరిగి తొమ్మిది రోజులు మాట్లాడుకోలేదు. పదో రోజు బండెక్కితే నా కాళ్ళ దగ్గర ఓ మీట పెట్టి ఉంచింది. 'అరవకు. భయమేస్తే కాలితో నొక్కు. నా ముందు ఎర్రలైటు వెలుగుతుంది, చూసి తగ్గిస్తా' అంది. ఇరవై రెండేళ్ళయింది. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా అరవలేదు. నొక్కుతాను, తగ్గిస్తుంది. చూడు, కింద చాప కూడా నా మడమకి అరిగిపోయింది."

నేను స్టీరింగు వెనక మీటర్ల అద్దంలోకి చూశాను. వేగం చూపే ముల్లు పక్కన చిన్న గుండ్రటి కన్నం ఉంది. అందులో ఏమీ లేదు.

"ఇక్కడ బల్బు లేదే."

అక్క చేతులు తుడుచుకునే గుడ్డ వెతుక్కుంటోంది. గుడ్డ ఆమె భుజం మీదే ఉంది.

"బల్బు లేదా?" యూ చోంగ్ వంగి చూశాడు. "ఎప్పుడు పోయింది?"

"పోలేదు. తీసేశాను."

"ఎప్పుడు?"

"పెట్టిన నెలలోనే. కళ్ళలోకి కొట్టేది."

"ఇరవై రెండేళ్ళుగా నేను ఉత్తి మీట నొక్కుతున్నానా!"

"ఉత్తి మీటేమీ కాదు. నేను తగ్గించేదాన్నిగా?"

"తగ్గించేదానివి. అదే అడుగుతున్నా. లైటు లేకుండా ఎలా తగ్గించేదానివి?"

"నువ్వు నొక్కేటప్పుడు నీ మోకాలు కదిలేది కదయ్యా," అంది అక్క విసుగ్గా. "ఇంకా లైటెందుకు?"

ఆయన కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అక్క బానెట్ వైపు తిరిగిపోయింది.

"చోంగ్ అన్నా!" అన్నాడు కుర్చీలో మనిషి. "నురగ ఎండిపోతోంది!"

ఆయన వెళ్ళాడు. మిగతా చెంప గీయడానికి చాలాసేపే పట్టింది. గీసి, డబ్బులు తీసుకోకుండానే ఆ మనిషిని పంపేసి, వీధి చివర కొట్టుకి వెళ్ళి గోరంత ఎర్ర బల్బు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "బిగించు. రాసి ఇస్తున్నాం కదా. లేని లైటుని ఎలా రాస్తాం?"

బిగించాను. ఆయన ఎడమ సీటులో కూర్చుని కాలితో నొక్కాడు. వెలిగింది. మళ్ళీ నొక్కాడు. అక్క తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"చాల్లే," అంది కాసేపటికి. "బ్యాటరీ అయిపోతుంది."

*

శనివారం పొద్దున జుల్‌హిల్మి వైరు అందితే కూతపెట్టే మీటరు తెచ్చుకున్నాడు. వెంట ఐస్ పెట్టెలో ఓ పెద్ద చేప కూడా తెచ్చి అక్క చేతికిచ్చాడు. "బేరం కుదిరినా కుదరకపోయినా ఇది మీదే ఆంటీ." నోటుబుక్కు తీసి బానెట్ మీద పెట్టుకుని, తోచిన వైరు ఒకటి పట్టుకున్నాడు. పుస్తకంలో చూశాడు. అవతలి చివర మీటరు ఆనించాడు. సరిపోయింది. రెండోదీ, మూడోదీ సరిపోయాయి. అతని మొహం విచ్చుకుంటోంది. నాలుగోదానికి మీటరు పలకలేదు.

మళ్ళీ చూశాడు. పలకలేదు.

"ఆంటీ, పుస్తకంలో మూడు, నాలుగు అని ఉంది. గాలి కొలిచే వైరని రాశారు. ఇది అక్కడికి పోవట్లేదు."

అక్క లేచి వచ్చి ఆ వైరు తన వేళ్ళ మధ్య పెట్టుకుని రుద్దింది. చాలాసేపు రుద్దింది. ఆ వేళ్ళకి ఏమీ అందడం లేదని మాకందరికీ తెలుసు. రాసినవాణ్ణి నేను. ఒక్కటి తప్పితే అతను మిగతా తొంభై మూడింటిని ఎందుకు నమ్మాలి? ఎదురుగా ఇంజిన్ దింపే గొలుసు యార్డు నుంచి అరువు తెచ్చి యూ చోంగ్ ముందుజాగ్రత్తగా మూల పెట్టి ఉంచాడు. జుల్‌హిల్మి చూపు ఒకసారి అటు పోయివచ్చింది.

"ఇలా రా బాబూ," అంది అక్క. గొంతు మామూలుగానే ఉంది. "నా వేళ్ళు పనిచేయవు. నువ్వు పట్టుకో. కళ్ళు మూసుకో. గోటితో కాదు, మెత్తటి చోటుతో. మెల్లగా."

అతను కళ్ళు మూసుకున్నాడు. "మూడు... ఖాళీ... నాలుగు."

"ఇంకోసారి. ఆఖరి ముడి లావుగా ఉందా?"

"...ఉంది. ఆగండి. అది లావు ముడి కాదు. రెండు ముడులు. మైనం కరిగి అతుక్కుపోయాయి. అంటే అయిదు!"

"మూడు, అయిదు," అంది అక్క. "బయటి గాలి వేడి. ముందు బంపరు వెనక చూడు."

మీటరు పలికింది.

నేను క్షమించమని అడగబోయాను. అక్క చెయ్యి ఊపింది. "ఇంజిన్ పక్కన వేడికి అతుక్కున్నవి ఇంకా ఉంటాయి. నేనే చెప్పి ఉండాల్సింది." ఆ తరవాత జుల్‌హిల్మి వైపు చూసింది. ఇంజిన్ ఒక్కటే అని అతను అంటాడని ఎదురుచూస్తున్నట్టు.

అతను అనలేదు. చొక్కా విప్పి తలుపుకి తగిలించి, బనీనుతో కింద కూర్చున్నాడు. "ఆంటీ, మొదటి నుంచీ పోదాం. ఒక్కోటీ నేను తడుముతాను. మీరు చెప్పండి."

పొద్దున పదికి మొదలెట్టినది ముగిసేసరికి సాయంత్రం అయిదున్నర దాటింది. మధ్యలో చేప ఆవిరికి పెట్టి అన్నంతో తిన్నాం. మొదట అతను ఒక్కో వైరుకీ అక్కని అడిగేవాడు. ముప్పై దాటాక తనే చెప్పి అక్క వైపు చూసేవాడు. అరవై దాటాక చూడ్డం కూడా మానేశాడు. నా పుస్తకంలో ఇంకో రెండు తప్పులు దొరికాయి. వాటిని కొట్టేసి తన రాతతో దిద్దుకున్నాడు. తొంభై నాలుగో దగ్గర నేను రాసింది చదివి తల ఎత్తాడు.

"ఇదేంటి? 'భయమేసినవాళ్ళు నొక్కేది'?"

"నీకు పెళ్ళయిందా?" అన్నాడు యూ చోంగ్.

"అయింది అంకుల్."

"నీ పెళ్ళానికి చెప్పు. ఆవిడకి తెలుస్తుంది."

జుల్‌హిల్మి బానెట్ దించాడు. అడిగిన ధరలో ఒక్క రింగిట్ కూడా తగ్గించమనలేదు. "మొత్తం తీసుకుంటున్నాను ఆంటీ," అన్నాడు. అక్క తల ఊపి, చేప పళ్ళెం కడగాలని లోపలికి వెళ్ళింది. పంపు నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది.

*

సోమవారం పరీక్ష కేంద్రంలో బండి చూపించి, అక్కణ్ణుంచి ఆఫీసుకి వెళ్ళి పేరు మార్పించాలి. జుల్‌హిల్మి నడుపుతాడు, నేను కాయితాలతో పక్కన కూర్చుంటాను. అక్క సంతకాలు, వేలిముద్రలు ముందే అయిపోయాయి. వేలిముద్ర యంత్రం ఆమె వేళ్ళని గుర్తుపట్టడానికి మూడుసార్లు ఆలోచించింది. "దానికీ తెలియడం లేదు," అంది నవ్వి.

బండి సందులోకి తిప్పి ఆపాడు. పిల్లలు లేరు, బడి వేళ. అయినా జుల్‌హిల్మి దీపాల మీట నొక్కాడు. కుడిది లేచింది. ఎడమది ఆలోచించి లేచింది. యూ చోంగ్ తన పంచలో ఎవరి తలకో నూనె రాస్తూ చెయ్యి మాత్రం ఎత్తాడు. ఇటు తిరగలేదు.

అక్క నా వైపు కిటికీ దగ్గరికి వచ్చింది. జుల్‌హిల్మికి వినబడకుండా వంగింది. వంగినా అతనికి వినబడుతుందని ఆమెకీ తెలుసు.

"తమ్ముడూ, ఆస్పత్రి దాటాక ఎత్తు వస్తుంది కదా, అక్కడ చూడు. మూడో గేరులో ఇది కొంచెం సేపు చచ్చినట్టుంటుంది. తరవాత ఈల వేసి అందుకుంటుంది. దానికి ఆపాటి టైమివ్వాలి. చాలామంది ఇవ్వరు, తొక్కేస్తారు. ఇతను ఆగుతాడో తొక్కుతాడో చూడు. నువ్వేం చెప్పకు, ఊరికే చూడు. చూసి వచ్చి నాకు చెప్పు. ఫోన్‌లో వద్దు. వచ్చి చెప్పు. వచ్చేటప్పుడు ఆ మూల కొట్లో ఆయనకి రెండు కొబ్బరి బన్నులు పట్టుకురా, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."